సముద్రపుగోడకు అనుమతి యెందులకు?

మన సంఘములో తీరగ్రామముల సభ్యులు కొంతకాలముగా ఒక కోరికను గట్టిగా వినిపించుచున్నారు. సముద్రము ఊరిమీదికి వచ్చుచుండగా అధికారులు పర్యావరణపు అనుమతి యని కాగితములు త్రిప్పుచు కూర్చుండుట న్యాయము కాదనియు, ఆ యనుమతితో నిమిత్తము లేకుండ వెంటనే రాతిగోడ కట్టింపవలసినదని మన మహాజనసభ తీర్మానించి కలెక్టరుగారికి పంపవలెననియు వారి వాదము. లోపలి గ్రామముల రైతులో, ఇది జాలరుల సంగతియే గాని తమది కాదనుకొని మాటాడక యున్నారు. మొదటివారి తొందరయు రెండవవారి మౌనమును రైతునకు కీడుచేయునవే యని నా యభిప్రాయము. గోడవలన ఎవరికి మేలో ఎవరికి నష్టమో పని మొదలుకాక పూర్వమే లెక్క అడుగుటకు మనకు చట్టము ఇచ్చిన చోటు ఈ యనుమతి యొక్కటే. దానిని మనమే చేతులార వదలుకొనుట యెట్లు?

తీరగ్రామములవారి బాధ కల్పితము కాదు. చెన్నపట్టణమునందలి జాతీయ తీర పరిశోధన కేంద్రమువారు 1990 మొదలు 2018 వఱకు ఉపగ్రహ చిత్రములను పరిశీలించి, మన దేశపు ప్రధానభూభాగపు తీరములో నూటికి 33.6 వంతులు కోతపడుచున్నదనియు, 26.9 వంతులు మేట వేయుచున్నదనియు, తక్కినది నిలకడగా నున్నదనియు తేల్చిరి. ఆంధ్రప్రదేశ తీరములో కోతపడునది నూటికి ఇంచుమించు 28.7 వంతులు. మొత్తముమీద మనచోట కోతకంటె మేటయే హెచ్చు గదా యని కొందఱందురు. ఒకని పొలము కొట్టుకొనిపోయి ఇంకొకని దొడ్డిలో మేట వేసినచో ఇద్దఱకును సరిపోయెనని చెప్పు కరణ మెవ్వడును లేడు. ఉప్పాడవారిని అడుగుడు. చక్కని నేతకు పేరుపొందిన ఆ యూరిలో ఇండ్లును, గుళ్లును, తోపులును సముద్రము పాలైనవి. కాకినాడకు పోవు తీరపు రోడ్డు తుపాను వచ్చినపుడెల్ల తెగుచున్నది, మరల వేయబడుచున్నది, మరల తెగుచున్నది. ఇసుక నింపిన పెద్ద గొట్టపుసంచులతో అచ్చట ఒక గట్టు కట్టిరి. అలల తాకిడికి ఆ సంచులును చినిగినవి. ఇన్ని రాళ్లు, ఇన్ని సంచులు పడినను ఉప్పాడ బాధ తీరకుండుటకు కారణమేమి యన్నది మనము మొదట తెలిసికొనవలసిన విషయము.

సముద్రతీరమున ఇసుక నిలిచియుండదు, నడచును. కాలువలో నీరు పారునట్లే ఒడ్డువెంబడి ఇసుక పారుచుండును. మన తీరమున నైరృతిగాలుల కాలములో, అనగా ఇంచుమించు మార్చి మొదలు అక్టోబరు వఱకు, అలలు ఇసుకను ఈశాన్యముగా నడపును. నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు వెనుకకు, నైరృతిముఖముగా త్రోయును. రెంటిని కొట్టివేయగా మిగులు నడక ఈశాన్యమునకే. ఏటేట లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఈ రీతిగా మన ఊళ్లముందునుండి సాగిపోవుచుండును. పైనుండి ఎంత వచ్చునో క్రిందికి అంత పోయినంతకాలము ఒడ్డు చెదరక యుండును. పైన ఎవరైన అడ్డుకట్ట వేసిరా, క్రిందివాని యొడ్డు ఎండిన శివారు చేనివలె నగును. కాలువ మొదటిలో తూము పెంచినవాని మూలమున శివారు ఆయకట్టుదారు ఎట్లు నష్టపడునో మనలో ఎఱుగనివారు లేరు. అందుకొఱకే గదా తూము కొలత మార్చుటకు ఇంజనీరు ఉత్తరువు కావలయునని నిర్బంధము పెట్టుకొంటిమి. సముద్రపుగోడకు అనుమతి యన్నను ఆ తూము ఉత్తరువు వంటిదే.

దీనికి ఎక్కడివో ఉదాహరణములు వెదకనక్కఱలేదు. చెన్నపట్టణమున 1876 ప్రాంతమున ఓడరేవుకు గోడలు కట్టనారంభించినపిమ్మట దక్షిణమున ఇసుక మేటవేసి మెరీనా విశాలమైనది. ఉత్తరమున రాయపురము కోతపడినది. విశాఖపట్టణపు రేవును 1933లో తెఱచునప్పటికే ఇసుక చిక్కు ఇంజనీర్లకు తెలిసి, రేవుముఖమును కాపాడుటకై జేనసు, వెల్లెస్‌డను అను రెండు పాత ఓడలను ముంచి వానినే అలలకు అడ్డుకట్టగా జేసిరి. వెలుపలి హార్బరు 1970 దశకమున ఏర్పడినపిమ్మట ఊరి బీచి కోత హెచ్చి, రేవువద్ద చేరిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి బీచిమీద పోయుట ఒక నిత్యకృత్యమైనది. పుదుచ్చేరి సంగతి మఱింత తెలివిడి. మన యానాము చేరియున్న పుదుచ్చేరికి 1980 దశకపు చివరను రేవుగోడలు కట్టగా, వానికి ఉత్తరముననున్న పట్టణపు ఇసుకతిన్నె కొన్నియేండ్లలో మాయమయ్యెను. పట్టణమును కాచుటకు రాళ్లు పేర్చిరి. రాళ్లు పేర్చినచోటు నిలిచినది గాని, కోత ఉత్తరమునకు జరిగి మొదట జాలరిపల్లెలను, పిదప సరిహద్దు దాటి తమిళనాటి గ్రామములను పట్టుకొన్నది. ఆ గ్రామములవారు రేవు కోరలేదు, రాళ్లు కోరలేదు. 2018లో నీటిలో మునిగియుండు త్రికోణపు దిబ్బ నొకదానిని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి పథకము చొప్పున అమర్చినపిదప పట్టణమువద్ద ఇసుక కొంత మరల చేరినది. ముప్పది సంవత్సరముల పిమ్మట చేసిన ఆ యోచనను మొదటనే చేయుటకే అనుమతి విధానము పుట్టినది.

రాతిగోడ తన వెనుకనున్న భూమిని మాత్రమే కాచును. తన ముందరి ఇసుకను కాచుట దాని చేతగాదు. పైపెచ్చు అల గోడను తాకి వెనుకకు మళ్లునపుడు గోడ పాదమునందలి ఇసుకను తోడుకొనిపోవును. గోడ ముగిసినచోట కోత హెచ్చగుటయు అందఱెఱిగినదే. ఆ ముగియుచోటు మన సభ్యుల భూమియే కావచ్చును, పొరుగు సంఘమువారిది కావచ్చును. జాలరులకు పడవలు లాగుకొను తావు పోవును. ఇన్ని చెప్పినంతమాత్రమున గోడ యెక్కడను కూడదని నేను వాదించుటలేదు. ఊరికిని సముద్రమునకును నడుమ పది బారల నేల మాత్రమే మిగిలియున్నచోట రాయి వేయక తప్పదు. కాని దానివలన పొరుగున పుట్టు నష్టమునకు బాధ్యుడెవడో వ్రాతమూలకముగా తేలినపిమ్మటనే వేయవలెను.

ఇచ్చట లోపలి రైతులకు కొంచెము రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది. గోదావరి డెల్టా ముఖమున ఇసుక కొఱత పడుటకు రేవులు మాత్రమే కారణములు కావు. ఆ తీరమును పరిశోధించి శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన లెక్కప్రకారము, గోదావరి సముద్రమునకు చేర్చు ఒండ్రు 1970–79 నడుమ ఏటికి సుమారు 15 కోట్ల టన్నులుండగా 1990–98 నాటికి 5.7 కోట్ల టన్నులకు దిగినది. ఎగువ నదిమీదను ఉపనదులమీదను కట్టిన జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటయే దీనికి ముఖ్యకారణమని వారి నిర్ణయము. 1976 మొదలు 2001 వఱకు డెల్టా తీరమున మేట పోగా మిగిలిన నష్టము 1,836 హెక్టార్లు, అనగా సాలుకు 73 హెక్టార్లకు పైగా. దవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది మొదలు మనము ఆ నీటితో అన్నము తినుచున్నాము; ఎగువవారు తమ జలాశయములతో తినుచున్నారు. నదిలో ఇండ్లకొఱకు త్రవ్వి లారీలకెక్కించు ఇసుకయు తీరమునకు చేరవలసినదియే. కావున కోత సంగతి తీరగ్రామములవారి ప్రారబ్ధమని లోపలివారు చేతులు కడుగుకొనుట న్యాయము కాదు.

ఇక చట్టము చెప్పునదేమో చూతము. 1986 నాటి పర్యావరణ సంరక్షణ చట్టము క్రింద కేంద్రప్రభుత్వమువారు తీరప్రాంత నియంత్రణ ప్రకటనను మొదట 1991 ఫిబ్రవరి 19న వెలువరించిరి. దానిని మార్చి 2011 జనవరి 6న రెండవదియు, 2019 జనవరిలో మూడవదియు వెలువడినవి. రాష్ట్రపు తీరప్రణాళికాపటము క్రొత్తపద్ధతి ననుసరించి ఆమోదము పొందువఱకు అచ్చట 2011 నాటిదే చెల్లునని మూడవ ప్రకటనలోనే కలదు. పోటునీటి మేరనుండి లోపలికి 500 మీటర్ల వఱకు గల భూమియు, పోటుపాటుల నడుమ తడియు నేలయు, ఆవలి సముద్రమును ఈ ప్రకటనకు లోబడును. సముద్రపు సహజగతిని మార్చు గట్టులు, పూడికలు సామాన్యముగా నిషిద్ధములు. అయితే కోతను అరికట్టు పనులు ఆ నిషేధమునుండి మినహాయింపబడినవి. 2011 నాటి ప్రకటన, అట్టి పనులు పర్యావరణ ప్రభావపు అంచనాతో గూడిన శాస్త్రీయ పరిశీలనలమీద ఆధారపడి యుండవలెనని స్పష్టముగా జెప్పినది. కనుక ప్రభుత్వము గోడను కూడదనుచున్నదను మాట పొరపాటు. చూచి కట్టుమనుచున్నది.

దరఖాస్తు రాష్ట్ర తీరప్రాంత నిర్వహణాధికార సంస్థకు పోవును. ప్రభావపు అంచనా రిపోర్టు, ఆపదలకు తగిన యేర్పాట్ల వివరము, అధికారము పొందిన సంస్థ తయారుచేసిన పటము దానికి జతపఱుపవలెను. ఆ పటము 1:4000 కొలతలో నుండవలెను. అనగా పటమున ఒక సెంటీమీటరు నేలమీద 40 మీటర్లు. పాత గ్రామపటములలో మైలుకు 16 అంగుళముల కొలత యని వ్రాసియుండునే, అదియు ఇంచుమించు ఇంతే. కాబట్టి మన సర్వే నంబర్లను, డొంకలను, మురుగుకాలువలను ఆ పటముమీద చక్కగా గుర్తింపవచ్చును. సంపూర్ణమైన దరఖాస్తు అందిన 60 దినములలోపల ఆ సంస్థ తన యభిప్రాయము చెప్పవలెను. పిమ్మట పని జరుగుచోటును బట్టి ఆ సంస్థయో, కేంద్ర మంత్రిత్వశాఖయో తుదినిర్ణయము చేయును. అనుమతి వచ్చినపిదప షరతులెట్లు నెఱవేర్చుచున్నారో జూన్ 1కిని డిసెంబరు 31కిని, సంవత్సరమునకు రెండుమార్లు రిపోర్టు దాఖలు చేయవలెను.

రైతులకు ముఖ్యముగా తెలియవలసినది మఱియొకటి కలదు. ఈ ప్రకటన యమలునకై జిల్లా కలెక్టరుగారి యధ్యక్షతను ఒక జిల్లా సంఘముండవలెననియు, అందు జాలరులతో సహా తీరమున తరతరములుగా బ్రతుకు జనులనుండి కనీసము ముగ్గురు ప్రతినిధులుండవలెననియు విధింపబడినది. ఆ ముగ్గురెవరో మన సభ్యులలో ఎందఱికి తెలియునో చేతులెత్తుమన్నచో మన సభాభవనములో గాలికి కదలు విసనకఱ్ఱలు తప్ప మఱేమియు లేవవు.

విధానములో లోపములు లేవని నేననను. ప్రభావపు రిపోర్టు ఇంగ్లీషులో నుండును. వందలకొలది పుటలు, రంగుల పటములు. అందు మన యూరి పేరు వెదకుటకే ఒక పూట పట్టును. ప్రజాభిప్రాయ సేకరణ సభ యన్నచో, అది 2006 నాటి ప్రభావపు అంచనా ప్రకటనయొక్క పట్టికలో చేరిన పనులకు వర్తించును. ఆ పట్టికలో ఓడరేవులు, రేవు అడ్డుకట్టలు, డ్రెడ్జింగు కలవు గాని ఊరిముందర కట్టు సముద్రపుగోడ పేరు పెట్టి చెప్పబడలేదు. అందుచేత ఒంటిగోడ పనికి గ్రామసభలో మాట యడుగకనే అనుమతి యీయవచ్చును. ఇది నా దృష్టిలో పెద్దలోపము. రేవు అడ్డుకట్ట ఇసుకను ఆపు తీరునకును, ఊరి గోడ ఇసుకను చెదరగొట్టు తీరునకును పరిమాణభేదమేగాని జాతిభేదము లేదు. ఇంకొక లోపము: రిపోర్టుకొఱకు ఒక ఋతువులో మాత్రము అలలను కొలిచి చేతులు దులుపుకొనుట. ఇసుక ఎనిమిదినెలలు ఒక దిక్కునకును నాలుగునెలలు మఱియొక దిక్కునకును నడచుచోట ఒక్క ఋతువు కొలత దేనికి పనికివచ్చును? సార్వా పంట చూచి దాళ్వా దిగుబడి చెప్పుటవంటిది. ఊరూర విడివిడిగా దరఖాస్తు పెట్టుట మూడవది. ఒక్కొక్క గోడ చిన్నదే. వరుసగా ఇరువది చిన్నగోడలు కలిసి ఏమి చేయునో ఏ రిపోర్టులోను కానరాదు.

ఇప్పుడు మురుగు సంగతి. నా యుద్యోగము పొలములవెంట తిరుగుట గనుక ఈ విషయము కొంత విస్తరించి వ్రాయుదును. సభ్యులు ఓపికతో చదువగోరెదను.

మన డెల్టా పొలముల నీరు కాలువలగుండ వచ్చి డ్రైన్లగుండ పోవును. వచ్చు దారి అందఱికిని కనబడును, పోవు దారి ఎవరికిని పట్టదు. డ్రైన్లన్నియు తుదకు ఉప్పుటేఱులలోనో, మొగలవద్ద సముద్రములోనో కలియవలెను. ఆ మొగ నిలుకడగా ఒకేచోట నుండదు. ఇసుక నడకనుబట్టి ఏటేట కొంచెము కొంచెము జరుగును. వేసవిలో ఇసుకదిబ్బ అడ్డుపడి మూసికొనుటయు, వానలు ముమ్మరించినపుడు ఊరివారు పారలతో గండికొట్టి నీరు వదలుటయు మనవారికి అలవాటే. అట్టిచోట కిలోమీటర్ల పొడవున రాతిగోడ కట్టి, డ్రైను ముఖమువద్ద నాలుగు సిమెంటు గొట్టములు పెట్టి వదలినయెడల, మొగకు జరుగుటకు తావుండదు. రాళ్లు దొర్లి ముఖమున పడును. గొట్టములు ఇసుకతో పూడును. అక్టోబరు తుపానులో కురిసిన వాన, సార్వా చేను ఈనిక మీదనో పాలుపోసికొను దశలోనో యుండగా, రెండుదినములలో పోవలసినది వారము పదిదినములు నిలుచును. అప్పుడు సముద్రమునుండి రెండు క్రోసుల లోపలనున్న రైతు, ఇది గోడవలన వచ్చిన ముంపని ఎట్లు ఋజువు చేయగలడు? గోడకట్టిన శాఖవారు తుపానునందురు, డ్రైన్ల శాఖవారు గుఱ్ఱపుడెక్కయందురు, భీమా కంపెనీవారు మరియేదో యందురు.

ఉప్పు సంగతి దీనికి తోడు. పోటునీరు డ్రైన్లగుండ వెనుకకు ఎగదన్నకుండ స్లూయిసులకు తలుపులుండవలెను. అవి త్రుప్పుపట్టి తెఱచికొనియే యుండుట మనము చాలచోట్ల చూచుచున్నాము. వేసవిలో పోటునీరు వచ్చి చేరిన భూమి విద్యుద్వాహకత 4 డెసీసైమన్లు దాటినచో దానిని ఉప్పునేలగా లెక్కింతురు. వరి నారుదశలోను పూతదశలోను ఈ యుప్పునకు మిక్కిలి సుకుమారము. మంచినీరు పెట్టి కడుగవచ్చునందురా, కడిగిన నీరు పోవుటకు మురుగు దారి యుండవలెను గదా. మురుగు లేనిచోట ఎంత నీరు పెట్టినను ఉప్పు క్రిందికి దిగి, ఎండలకు మరల పైకి వచ్చును. ఇట్టి భూమిలో జిప్సమునకు డబ్బు తగులబెట్టిన రైతులను నేనెఱుగుదును. వారికి కావలసినది జిప్సము కాదు, అరమైలు మురుగుకాలువ.

ఇంతకును చెప్పవచ్చినదేమనగా, కోత గోడలతోపాటు, ఇసుకదిబ్బలు అడ్డుపడకుండ చేయు పనులు, పోటునీటి రెగ్యులేటర్లు, వాననీటి కాలువలు, ఉప్పుచొరవను ఆపు కట్టడములు — ఇవన్నియు పై ప్రకటనలలో అనుమతింపదగిన పనులుగానే చెప్పబడినవి. కాబట్టి గోడకు దరఖాస్తు పెట్టునపుడే ఆ మేరలోని ప్రతి డ్రైను ముఖమునకును రెగ్యులేటరును, దాని ఖర్చును, దానిని ఏటేట బాగుచేయు బాధ్యతను అదే దరఖాస్తులో చేర్పుమని మనము కోరవచ్చును. గోడ ముగిసినపిదప కోరినచో అది వేఱు పని, వేఱు అంచనా, వేఱు నిధి యగును; మన మనుమల కాలమునకు మంజూరగును. అనుమతి లేకుండ గోడ కట్టుమని తీర్మానించుట యనగా, ఈ యడుగవలసినదాని నడుగుటకున్న సమయమును మనమే పోగొట్టుకొనుట.

దీనికి తీరగ్రామపు మిత్రులొకరు ఇచ్చిన జవాబు నాకు తెలియును. “మీ కాగితములు నడచిపోవుసరికి మా యిండ్లు ఈదిపోవును” అని వారనిరి. మాటలో సత్యమున్నది. ఉపద్రవము వచ్చినపుడు ఇసుకబస్తాలు వేయుటకు ఎవరును ఆగనక్కఱలేదు. ప్రాణములు, ఇండ్లు కాచుట మొదటిపని. కాని మనచోట జరుగుచున్నది వేఱు. తుపానునాడు అత్యవసరమని లారీలతో రాళ్లు పోయుదురు. తుపాను వెడలినపిదప ఆ రాళ్లు తీయరు. మరుసటి తుపానుకు వానిమీద మఱికొన్ని పోయుదురు. అయిదాఱేండ్లకు ఎవరును అనుమతింపని, ఎవరును కొలువని, డ్రైను ముఖములను ఎవరును లెక్కపెట్టని గోడయొకటి తయారగును. రాళ్లు తోలువారికి మాత్రము ప్రతి తుపానును పండుగయే. అత్యవసరపు పనికి గడువుపెట్టి, ఆ గడువులోపల అనుమతికి దరఖాస్తు పెట్టనియెడల రాళ్లు తొలగింపవలెనని షరతుండుట న్యాయము. అంతకంటె మేలైనది, సముద్రము శాంతముగానుండు జనవరి–ఏప్రిలు నెలలలో దరఖాస్తు సిద్ధముచేయుట. అంతకంటెను మేలైనది, ఊరూరి గోడలు మాని, ఒక మొగనుండి మఱియొక మొగవఱకు ఇసుక నడచు తీరమంతటికిని ఒకే ప్రణాళిక వేసి, దానికి ఒకేసారి అనుమతి పొందుట. అప్పుడు ఎక్కడ రాయి, ఎక్కడ మునిగిన దిబ్బ, ఎక్కడ ఇసుక పోయుట, ఎక్కడ ఏమియు చేయక ఊరిని వెనుకకు జరుపుట యను నిర్ణయములు ముందే యుండును. ఇల్లు కొట్టుకొనిపోవుచున్నప్పుడు కాగితములకొఱకు పరుగెత్తవలసిన యవస్థ తప్పును.

ఊరిని జరుపుట యన్నమాట కఠినమని యెఱుగుదును. కాని దానికి ధనము కేటాయించుట ఊహాగానము కాదు. 2021–26 కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘమువారు కోతను అరికట్టు పనులకు 1,500 కోట్ల రూపాయలును, కోతవలన నిలువనీడ పోయినవారికి మరల నివాసము కల్పించుటకు 1,000 కోట్ల రూపాయలును సిఫారసు చేసియుండిరి. దేశమంతటికిని, నదుల కోతతో సహా, అది చాలదనుట వేఱుమాట. గోడ తప్ప గతిలేదను మాట మాత్రము ఆ సిఫారసుతో చెల్లదు.

చెట్లు నాటినచో చాలునని కొందఱు మంచివారు చెప్పుచుందురు. మడచెట్లు ఉప్పుటేఱుల యొడ్డున, బురదనేలలో, అలల తాకిడి తక్కువగానున్నచోట బ్రతుకును. కోరంగి అడవి అట్టిది. అచ్చట వానిని కాపాడుటకంటె చౌకయైన గట్టు లేదు. ఆ మేర చెఱువులు త్రవ్వి నఱకుట మూర్ఖత. కాని ఉప్పాడవంటి బోరున అలలుకొట్టు ఇసుకయొడ్డున మడమొక్కలు నాటి ఛాయాచిత్రము తీయించుకొనుటవలన లాభము లేదు. వచ్చు అమావాస్యపోటుకు అవి యుండవు. సరుగుడు గాలిని, కొంతవఱకు ఉప్పెనను ఆపును గాని వేళ్లక్రింది ఇసుక జాఱిపోవుచుండగా తానే కూలును. ఉన్న ఇసుకదిబ్బలను చదునుచేయకుండుట వీనియన్నిటికంటె ముఖ్యము. దిబ్బలను మార్చుటను ప్రకటన నిషేధించినది. ఇది మన సభ్యులకును వర్తించును. తోటకు దారికొఱకు దిబ్బ కొట్టించుకొని, పిదప గోడకు అర్జీ పెట్టువారు మనలో లేకపోలేదు. అట్లే పోటుమేరనుండి 200 మీటర్ల లోపల భూగర్భజలము తోడుట నిషిద్ధము, అచ్చట కాపురమున్నవారి సొంతవాడకమునకు తప్ప. 200 మొదలు 500 మీటర్ల వఱకు వ్యవసాయము, తోటలు, త్రాగునీటికొఱకు సామాన్యపు బావులనుండి చేతితో తోడవచ్చును. మోటార్లు పెట్టి తోడి ఉప్పునీటిని క్రిందినుండి పిలుచుకొనుచు, పైనుండి వచ్చు ఉప్పునీటికి గోడ కోరుట చూడ విడ్డూరముగా నున్నది.

తీర్మానపు ముసాయిదా సంగతికి వచ్చెదను. “అనుమతితో నిమిత్తము లేకుండ” అను మాటలను తొలగింపవలెనని నా మనవి. వాని స్థానమున, గోడ యంచనాతోపాటు రెండు ప్రక్కలనున్న గ్రామముల తీరముమీద కలుగు మార్పును రెండు ఋతువులలో కొలిచి చూపవలెననియు, రిపోర్టు సారాంశమును తెలుగున అచ్చువేసి గ్రామపంచాయతీలకును మన సంఘమునకును ఈయవలెననియు, మేరలోని ప్రతి డ్రైను ముఖమునకు రెగ్యులేటరును షరతుగా చేర్పవలెననియు, ఆఱునెలల రిపోర్టుల నకళ్లు మనకు పంపవలెననియు చేర్పుదము. అనుమతుల సంస్థ తన సమావేశముల నిర్ణయములను, అనుమతి పత్రములను వెబ్‌సైటులో ప్రకటింపవలెనని నియమమున్నది గనుక, ఇంగ్లీషు చదువుకొన్న మన సభ్యుల కుమారులలో ఒకరిద్దఱికి వానిని నెలనెల చూచు పని యప్పగింపవచ్చును. పర్యావరణ అనుమతిపై అభ్యంతరమున్నచో 2010 చట్టముచొప్పున ఏర్పడిన జాతీయ హరిత న్యాయస్థానమునకు అప్పీలు చేయుటకు 30 దినములే గడువు. తగిన కారణము చూపినచో మఱి 60 దినములవఱకు మన్నింతురు. ఆలస్యముగా తెలిసిన సమాచారము ఇచ్చట పనికిరాదు.

జాలరుల సహకారసంఘమువారితో కలిసి ఈ తీర్మానము చేయుట మంచిదని నా తలంపు. వారికి పడవతావు, మనకు మురుగుదారి. రెండును ఆ 1:4000 పటముమీద ప్రక్కప్రక్కనే పడును. జిల్లా సంఘములోని ముగ్గురు ప్రతినిధులలో వారివాడొకడున్నచో, మన డ్రైన్ల సంగతియు అతడే చెప్పగలడు.

గోడకు ముందటి లెక్క మనయొద్ద లేనిదే తర్వాతి నష్టము ఏ న్యాయస్థానములోను నిలువదు. అందుచేత ఈ వేసవిలో, దాళ్వా కోతలైనపిదప, తీరమునుండి మూడు కిలోమీటర్ల లోపలి పొలములనుండి మట్టి నమూనాలు తీసి ఉప్పుశాతము కొలిపించి, సర్వే నంబర్లవారీగా పుస్తకమున వ్రాయించుటకు నేను సిద్ధముగా నున్నాను. ప్రతి గ్రామమునుండి ఇద్దఱు సభ్యులు తమయూరి డ్రైను ముఖములను, వాని వెడల్పును, తలుపుల స్థితిని, ఎన్నవ నెలలో మొగ మూసికొనునో, ఎవరు గండికొట్టుదురో వ్రాసి, మహాజనసభకు పదునైదు దినములు ముందుగా కార్యదర్శిగారికి అందజేయవలెను. ఫారములు సంఘపు ఆఫీసులో దొరకును.